కొర్రవానివలసకు ఒకసారి వెళ్దాం



బొబ్బిలి వెళ్ళినవాళ్ళు యుద్ధ స్తంభం దగ్గర కాసేపైనా ఆగుతారు. 1757 జనవరి 24న ఆ కోటలో ఏం జరిగిందో బుర్రకథల్లో విన్నాం, సినిమాలో చూశాం. రంగారాయుడు, మల్లమ్మ, తాండ్ర పాపారాయుడు పేర్లు మనకు నోటికి వచ్చు. అదే బొబ్బిలి నుంచి సాలూరు మీదుగా పాచిపెంట వైపు వెళ్తే కొర్రవానివలస ఉంది. అక్కడ కూడా మనుషులు నేలకొరిగారు. వాళ్ళు మన గిరిజనులు. వాళ్ళ పేర్లు మనలో ఎందరికి తెలుసు?

1900వ సంవత్సరంలో ఆ ఊరి కొండదొర కొర్రా మల్లయ్య తనకు దైవం పూనిందని చెప్పాడు. జనం ఆయన్ని స్వామి అన్నారు. నాలుగైదు వేల మంది ఆయన దగ్గరకు చేరారు. తాను పాండవుల్లో ఒకరి అవతారమని, తన పసికొడుకు శ్రీకృష్ణుడని, ఇంగ్లీషువాళ్ళను వెళ్ళగొట్టి తానే ఏలుతానని చెప్పాడు. కొండదొరలు తమది పాండవుల వంశమని చెప్పుకుంటారు కనుక ఆ మాట వాళ్ళకు పరాయిది కాదు. వెదుర్లు నరికి తుపాకుల్లా చెక్కి, వాటితో కవాతు చేశారు. ఆ వెదుర్లు మంత్రంతో నిజం తుపాకులవుతాయని, సర్కారు ఆయుధాలు నీళ్ళవుతాయని నమ్మారు.

పాచిపెంటను దోచుకుంటామని కబురు వెళ్ళింది. మే 1న సంగతి చూడడానికి ఇద్దరు కానిస్టేబుళ్ళు వస్తే వాళ్ళను కొట్టి చంపారు. మే 7 తెల్లవారుజామున జిల్లా మేజిస్ట్రేటు విశాఖపట్నం, పార్వతీపురం, జయపురం నుంచి రప్పించిన రిజర్వు పోలీసులతో శిబిరం మీద పడ్డాడు. జనం ఎదిరించారు. కాల్పుల్లో పదకొండు మంది చనిపోయారు. అరవై మంది మీద అల్లర్ల కేసు, మల్లయ్యతో కలిపి ముగ్గురి మీద హత్య కేసు పెట్టారు. మల్లయ్య జైలులోనే చనిపోయాడు. మిగతా ఇద్దరినీ ఉరితీశారు. ఆ పసిబిడ్డ కూడా దక్కలేదు.

ఈ సంగతి 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరులో ఉంది. రాసింది ఫ్రాన్సిస్ అనే ఇంగ్లీషు అధికారి. ఆయన మనవాళ్ళను పిచ్చి నమ్మకాల మూకగా చూపించాడు. పదకొండు అని లెక్క చెప్పాడు గానీ ఒక్కరి పేరూ రాయలేదు. చనిపోయిన కానిస్టేబుళ్ళ పేర్లూ లేవు. అన్ని వేల మంది ఇల్లూ వాకిలీ వదిలి ఎందుకు వచ్చారో కూడా అక్కడ లేదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి మీద సర్కారు పట్టు బిగిసిన కాలం అది.

వెదురు తుపాకీ అవుతుందా అని నవ్వేవాళ్ళు ఉంటారు. 1905లో ఆఫ్రికాలోని టాంగన్యికా ప్రజలు జర్మన్ల తూటాలు నీళ్ళవుతాయని నమ్మి తిరగబడ్డారు. వాళ్ళ భాషలో నీటిని ‘మాజీ’ అంటారు. ఆ తిరుగుబాటుకు మాజీ మాజీ అనే పేరు అలా వచ్చింది. మల్లయ్య తిరగబడిన 1900లోనే జూన్ 9న బిర్సా ముండా రాంచీ జైలులో కన్నుమూశాడు. చేతిలో తుపాకీ లేనివాడికి నమ్మకమే ధైర్యం.

ఈసారి మే 7న కొర్రవానివలసకు వెళ్దాం. ముందుగా ఊరి పెద్దలను అడిగి, వాళ్ళ అనుమతితోనే వెళ్దాం. సెల్ఫీల కంటే ముందు నోటుపుస్తకం తీద్దాం. శిబిరం ఎక్కడ ఉండేదని చెబుతారు? ఎవరి ఇంట్లో ఎవరు పోయారని విన్నారు? ముసలమ్మలు, ముసలయ్యలు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటలోనే రాసుకుందాం. ఒకరు చెప్పింది మరొకరితో కలవకపోతే రెండూ రాద్దాం. కానిస్టేబుళ్ళను చంపిన సంగతి దాచొద్దు, వాళ్ళనూ తలుచుకుందాం.

పదకొండు పేర్లలో ఒక్కటి దొరికినా ఆ ప్రయాణం వృథా కాదు. ఆ ఒక్కరు ఇక లెక్కలో అంకెగా మిగలరు.