ఎదుటివాడు రాసిపెట్టిన ఎత్తులు

సికింద్రాబాదులో చదరంగం ఆడే పాతతరం వాళ్ళని కదిలిస్తే తాము గెలిచిన ఆటల గురించి కొంచెమే చెబుతారు. తమని ఓడించినవాళ్ళ గురించయితే గంటసేపు చెబుతారు. "లాలాగూడ వర్క్‌షాపులో ఒకాయన ఉండేవాడు, చివరికి రెండు గుర్రాలూ మిగిలాయంటే ఆయన్ని పట్టలేం." "మారేడుపల్లిలో ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరు గారు, తొందరగా మంత్రుల్ని మార్చేసుకుని ఎండ్‌గేమ్‌లోకి దింపేవారు, అక్కడ మనం అయిపోయినట్టే." పేర్లు చాలామటుకు గుర్తుండవు. పేట, ఉద్యోగం, ఇష్టమైన పావు గుర్తుంటాయి. మా ఊరి చదరంగం చరిత్ర నాకు ఈ మాటల్లోనే దొరికింది.

ఇక్కడ ఈ ఆట ఇంతగా పాతుకుపోవడానికి రైలే కారణమని నా నమ్మకం. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న కంటోన్మెంటుకి 1874లో స్టేషను వచ్చింది, 1893లో లాలాగూడ వర్క్‌షాపు వచ్చింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఇక్కడే కేంద్రంగా ఏర్పడింది. గార్డులకీ డ్రైవర్లకీ డ్యూటీకీ డ్యూటీకీ మధ్య గంటలకు గంటలు చేతిలో ఉండేవి. పేకాటకి నలుగురు కూడాలి, డబ్బు కావాలి. చదరంగానికి ఎదురుగా ఒక్క మనిషి చాలు.

ఆ ఎదుటి మనిషి ఎక్కడివాడైనా కావచ్చు. తమిళులు, మరాఠీలు, ఆంగ్లో ఇండియన్లు, కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళు, పాతబస్తీ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు అందరూ పక్కపక్క క్వార్టర్లలోనే ఉండేవారు. అందుకని పావులు పేర్చగానే ముందు రూల్సు తేల్చుకోవాల్సి వచ్చేదట. మన పాత దేశీ ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. రాజు కోట కట్టుకోడు, బదులుగా ఒక్కసారి గుర్రంలా దూకుతాడు. చివరి గడి చేరిన బంటు కోరుకున్న పావు అయిపోదు, ఆ వరసలో మొదట ఏ పావు ఉండేదో అదే అవుతుంది. ఈ పద్ధతిలో నేర్చుకున్న పెద్దలు తర్వాత అంతర్జాతీయ రూల్సుకి మారినా చెయ్యి మాత్రం మారలేదు. బంట్లని ఒక్కొక్క గడే జరుపుతూ, శకటుని పక్కకి పెట్టి పెద్ద కర్ణం మీద కూర్చోబెట్టి, ఎదుటివాడు తొందరపడేదాకా ఓపికగా ఉండేవారు. వాళ్ళ మీద గెలవాలంటే ముందు మన తొందరని గెలవాలి.

ప్రపంచం ఇవాళ 'ఇండియన్ డిఫెన్స్' అని పిలిచే ఆటతీరు పుట్టింది ఆ ఓపికలోంచే. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో కలకత్తాలో మహేశ్‌చంద్ర బెనర్జీ అనే బెంగాలీ, జాన్ కాక్రేన్ అనే స్కాటిష్ లాయరుతో వందల ఆటలు ఆడాడు. వాటిలో చాలా ఓడాడు, కొన్ని అద్భుతంగా గెలిచాడు. ఆయన ఎత్తులు మనకి తెలియడానికి కారణం కాక్రేన్ వాటిని రాసి లండన్ పత్రికలకి పంపడం. తను ఓడిన ఆటలు కూడా పంపాడు. అలాంటి కాక్రేన్ ఒక్కడు మా కంటోన్మెంటులో కూడా ఉండుంటే, అని నేను చాలాసార్లు అనుకున్నాను.

తెలుగు నేలకి ఈ ఆటలో తొలి గౌరవం 1955లో దక్కింది. దేశంలో మొట్టమొదటి జాతీయ పోటీలు ఏలూరులో జరిగాయి. మన డి. వెంకయ్య, రామచంద్ర సాప్రే ఉమ్మడిగా విజేతలయ్యారు. తర్వాత మాన్యుయెల్ ఆరన్ కాలం. 1961లో ఆయన దేశానికి తొలి ఇంటర్నేషనల్ మాస్టరు అయ్యాడు, మరుసటి ఏడు స్టాక్‌హోమ్‌లో పోర్టిష్, ఊల్‌మన్ లాంటివాళ్ళని ఓడించాడు. 1972లో ఫిషర్, స్పాస్కీల ప్రపంచ టైటిల్ పోటీ పేపర్లలో వచ్చాక చదరంగం బల్ల లేని వీధి లేదని పెద్దలంటారు. ఆరో ఆటలో ఓడిన స్పాస్కీ లేచి ఫిషర్‌కి చప్పట్లు కొట్టిన సంగతి మాత్రం వాళ్ళు ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెబుతారు. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో, ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్‌ల మీద చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలే అప్పటివాళ్ళకి గురువులు.

ఆట అయిపోయాక అసలు ఆట మొదలవుతుంది. దాన్నే పోస్ట్‌మార్టం అంటారు. స్టేషను దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ తెప్పించుకుని పావులు మళ్ళీ పేర్చి, ఎక్కడ చెడిందో వెతకడం. అలాంటి పోస్ట్‌మార్టాల్లో విన్న ఒక ఆట ఇక్కడ రాసిపెడతాను. తెల్లపావులాయనకి నల్లగడుల శకటు, ఏ వరసలో, బి వరసలో ఒక్కో బంటు. నల్లపావులాయనకి గుర్రం ఒక్కటే. చూసేవాళ్ళు లేచిపోతున్నారు. అప్పుడు నల్లపావుల పెద్దాయన తన గుర్రాన్ని ఇచ్చేసి బి బంటుని కొట్టేశాడు. ఒంటి రాజుని నడిపించుకుంటూ వెళ్ళి ఏ-ఎనిమిది గడిలో కూర్చోబెట్టాడు. అది తెల్లగడి. నల్లగడుల శకటు దాన్ని ఎన్నటికీ ముట్టుకోలేదు, బంటు ఎంత ముందుకొచ్చినా రాజు ఆ మూల వదలడు. ఆట డ్రా. ఈ కథ నాకు చెప్పింది తెల్లపావులతో ఆడినాయన. ముప్ఫై ఏళ్ళ తర్వాత చెబుతూ కూడా ఆయన కళ్ళలో మెచ్చుకోలే తప్ప బాధ లేదు. "బి బంటుని ఒక్క ఎత్తు ముందే పక్క వరస బంటుతో కాపాడుకోవాల్సింది" అని పావులు జరిపి చూపించారు.

2002లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ప్రపంచ కప్పు మన జంటనగరాలకే వచ్చింది. విశ్వనాథన్ ఆనంద్ ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ ఆటగాడు రుస్తం కసింజానోవ్‌ని ఓడించాడు. రెండేళ్ళకి కసింజానోవ్ ఫిడే ప్రపంచ ఛాంపియనయ్యాడు. 2008 నుంచి ఆనంద్ ప్రపంచ టైటిల్ పోటీలకి ఆయనే సహాయకుడిగా కూర్చున్నాడు. మన గురించి బాగా తెలిసినవాడు మనతో తలపడ్డవాడే అని మా హోటలు బల్లల దగ్గర ఎప్పుడూ అనేమాట ఇంత పెద్ద ఎత్తున నిజమవడం నాకు గొప్ప సంతోషం.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. తెలుగువాళ్ళలో 2001లో హరికృష్ణ, 2002లో హంపి, 2011లో హారిక గ్రాండ్‌మాస్టర్లయ్యారు. హన్మకొండ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2800 రేటింగు దాటాడు. అదే ఏడు బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మనదేశం రెండు స్వర్ణాలూ గెలిచినప్పుడు మగవాళ్ళ జట్టులో అర్జున్, హరికృష్ణ, ఆడవాళ్ళ జట్టులో హారిక ఉన్నారు. వీళ్ళు ఆడిన ప్రతి ఎత్తూ ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంది.

భద్రంగా లేనివి మావాళ్ళవి. 1981లో ఫిడే అధికారికంగా ఇప్పటి అక్షరం-అంకె పద్ధతికి మారకముందు రాసుకున్న పాత నోటుపుస్తకాలు, స్కోరుషీట్లు చిలకలగూడలో, మెట్టుగూడలో, బొల్లారంలో ఎన్ని ఇళ్ళ అటకల మీద ఉన్నాయో. క్వార్టరు ఖాళీ చేసినప్పుడల్లా కొన్ని కాగితాల వ్యాపారి తక్కెడలోకి పోతున్నాయి. పాత రాత చదవలేక పిల్లలు పారేస్తున్నారు. దాన్ని కొత్త పద్ధతిలోకి మార్చడం ఒక సాయంత్రం పని. మీ ఇంట్లో తాతగారివో నాన్నగారివో ఉంటే తియ్యండి. గెలిచినవే ఏరకండి, ఓడినవి కూడా రాయండి. కాగితం మీద ఎదుటివాడి పేరుంటే పేరు, లేకపోతే పేట, ఉద్యోగం రాయండి. నేను ఇప్పటికే మొదలుపెట్టాను. మొదటి పేజీలో ఉన్నది మూలన కూర్చున్న ఆ ఒంటి రాజు ఆట, తెల్లపావులాయన చెప్పిన ఎత్తులతో.