సంచార కచేరీ నుంచి తేలిక ల్యాప్‌టాప్ వరకు: కమలాపురం ప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన

1.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- కార్యాలయాన్ని ప్రజల వద్దకు తీసుకుపోయే పద్ధతులు రాయలసీమలో ఎలా మారుతూ వచ్చాయో వివరించగలుగుతారు.
- తేలికపాటి వ్యాపార ల్యాప్‌టాప్ చారిత్రక వికాసాన్ని గుర్తించగలుగుతారు.
- దాని బలాలను, పరిమితులను మెట్ట ప్రాంత పరిస్థితులకు అన్వయించి చర్చించగలుగుతారు.

1.1 పరిచయం

కిలోన్నర బరువు కూడా ఉండని ల్యాప్‌టాప్‌ను మనం ఆధునిక యుగపు వస్తువుగా భావిస్తాం. వస్తువు కొత్తదే కాని, దాని వెనక ఉన్న అవసరం పాతది. లెక్కలు, దస్తావేజులు, నిర్ణయాధికారం ఒకచోట ఉంటాయి. పొలం, పంట, రైతు మరోచోట ఉంటారు. ఈ దూరాన్ని తగ్గించడం ఎలా అన్నది ప్రతి పాలనా వ్యవస్థకూ ఎదురైన ప్రశ్నే. పాపఘ్ని నది ఒడ్డున ఉన్న కమలాపురం, కడప జిల్లాలో ఒకనాటి తాలూకా కేంద్రం. ఇలాంటి చోట ఈ ప్రశ్నకు ఏయే కాలాల్లో ఏయే సమాధానాలు దొరికాయో పరిశీలిస్తే, ల్యాప్‌టాప్ మంచిచెడ్డలను బేరీజు వేయడానికి సరైన కొలమానం లభిస్తుంది.

1.2 గుడారంలో కచేరీ, కరణం చేతిలో కవిలె

1800లో నిజాం కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు పనిచేశాడు. ఆయన ఎక్కువ కాలం గుడారాల్లో ఉంటూ గ్రామాలు తిరిగాడు. 1802లో మొదలైన భూమి కొలతలు, రైత్వారీ శిస్తు నిర్ణయం ఆ పర్యటనల మీదే ఆధారపడ్డాయి. కచేరీయే రైతు ఉన్న చోటికి కదిలింది. ఇది ఆ విధానపు బలం.

అయితే గుడారంలో కూర్చున్న అధికారికి ఆధారం గ్రామ కరణం దగ్గర ఉన్న లెక్కలే. ఎవరి పొలం ఎంత, ఏది మాగాణి, ఏది మెట్ట, ఎవరు బాకీ అన్నవన్నీ కరణం కవిలె కట్టలోనే ఉండేవి. కవిలెకు విద్యుత్తు అక్కర్లేదు, చిరిగితే ఊళ్లోనే తిరగరాసుకోవచ్చు. కాని దాన్ని చదివి అర్థం చేసుకోగలిగినవారు కొద్దిమందే. అందువల్ల కచేరీ ఊళ్లోకి వచ్చినా, సమాచారం మీద అధికారం వంశపారంపర్యంగా ఒక కుటుంబం చేతిలోనే నిలిచింది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. 1985లో పెద్ద తాలూకాల స్థానంలో చిన్న మండలాలు వచ్చాయి. కార్యాలయం రైతుకు కొంత దగ్గరైంది.

1.3 మోసుకుపోయే కంప్యూటర్ రూపొందిన తీరు

ఇదే దశకంలో పాశ్చాత్య దేశాల్లో కంప్యూటర్ కూడా బల్ల మీద నుంచి కదలడం మొదలుపెట్టింది. 1981లో వచ్చిన ఆస్బర్న్ 1 బరువు సుమారు 11 కిలోలు. దాని తెర 5 అంగుళాలే, గోడ విద్యుత్తు లేనిదే పనిచేయదు. దాని నిర్మాత ఆడమ్ ఆస్బర్న్ బాల్యం తమిళనాడులోని తిరువణ్ణామలైలో గడిచింది. 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్ పుస్తకంలా ముడుచుకునే ఆకారాన్ని, మెగ్నీషియం పెట్టెను పరిచయం చేసింది. ధర 8,000 డాలర్లకు పైబడి ఉండటంతో అది పెద్ద సంస్థలకూ ప్రభుత్వ శాఖలకూ పరిమితమైంది. 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సి విడుదలతో ల్యాప్‌టాప్ వ్యాపార నిర్వాహకుల చేతి వస్తువయింది.

2008లో ఆపిల్ సంస్థ మ్యాక్‌బుక్ ఎయిర్‌ను 1.36 కిలోల బరువుతో తెచ్చింది. అందుకోసం సీడీ డ్రైవును, నెట్‌వర్క్ తీగ రంధ్రాన్ని తీసేసింది. ఒకే యూఎస్‌బీ రంధ్రాన్ని ఉంచింది. వాడేవారు స్వయంగా మార్చుకోలేని విధంగా బ్యాటరీని లోపల బిగించింది. 2011లో ఇంటెల్ ‘అల్ట్రాబుక్’ పేరుతో ఇదే దారిని విండోస్ యంత్రాలకు విస్తరించింది. 2012లో వచ్చిన థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్‌లో మెమరీ చిప్పులు మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి. తరవాత పెంచుకోవడం కుదరదు. ఈ చరిత్రలో గమనించవలసిన సూత్రం ఒకటి ఉంది. బరువు ఊరికే తగ్గలేదు, కొన్నింటిని వదులుకోవడం వల్ల తగ్గింది.

1.4 ఆంధ్రప్రదేశ్‌లో కంప్యూటర్ పాలన

1995లో ముఖ్యమంత్రి అయిన చంద్రబాబు నాయుడు సమావేశాలకు ల్యాప్‌టాప్‌తో హాజరు కావడం ఆనాటి పత్రికల్లో తరచు ప్రస్తావనకు వచ్చింది. అప్పట్లో అది సామాన్యుడికి అందని వస్తువు. సామాన్యుడిని నేరుగా తాకిన మార్పు కార్డ్ పథకం. 1998 నవంబరు 4న 214 సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో భూమి రిజిస్ట్రేషన్లను కంప్యూటరీకరించారు. కాని ఆ కంప్యూటర్లు బల్ల మీదివే. రైతే అక్కడికి వెళ్లాలి.

ల్యాప్‌టాప్ కడప జిల్లా గ్రామీణ యువత చేతికి పెద్ద ఎత్తున చేరడానికి తోడ్పడింది 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. వేంపల్లె మండలం ఇడుపులపాయ ప్రాంగణంలో పదో తరగతి పూర్తి చేసి చేరిన పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి, పాఠాలను దాని ద్వారానే నడిపారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి ఆ విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్. ఇంట్లో కంప్యూటర్ చూడని పిల్లలకు అది మొదటి సొంత యంత్రం.

1.5 బలాలు

తేలిక ల్యాప్‌టాప్ మొదటి బలం కదలిక. సర్వేయరు, బ్యాంకు క్షేత్రాధికారి, పంట బీమా పరిశీలకుడు పొలం గట్టు మీదే వివరాలు నమోదు చేయవచ్చు. రెండోది బ్యాటరీ. విద్యుత్తు పోయినా పని ఆగదు. బల్ల మీది కంప్యూటరుకు వేరే యూపీఎస్ కావాలి. మూడోది భద్రత. వ్యాపార శ్రేణి యంత్రాల్లో సమాచారాన్ని గుప్తీకరించే చిప్, వేలిముద్ర తాళం సాధారణంగా ఉంటాయి. యంత్రం బస్సులో పోయినా రైతుల వివరాలు పరుల చేతిలో పడకుండా కాపాడవచ్చు. అన్నిటికీ మించి, తెరను రైతు వైపు తిప్పి చూపించవచ్చు. కవిలె ఇవ్వలేని సౌకర్యం ఇదే.

1.6 పరిమితులు

మొదటిది ఎండ. చాలా ల్యాప్‌టాప్‌లకు తయారీదారులు సూచించే గరిష్ఠ పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్. ఏప్రిల్, మే నెలల్లో కడప జిల్లాలో అది 40 దాటుతుంది. పలుచని పెట్టెలో వేడి బయటికి పోయే దారి తక్కువ కాబట్టి, ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. లిథియం అయాన్ బ్యాటరీ వేడిలో త్వరగా సత్తువ కోల్పోతుంది. సన్నని దుమ్ము ఫ్యాను రెక్కల మధ్య పేరుకుని ఇబ్బందిని పెంచుతుంది.

రెండోది మరమ్మతు. పాత యంత్రంలో బ్యాటరీ లాగి కొత్తది పెట్టేవారు. ఇప్పుడు చిన్న లోపానికి కూడా మదర్‌బోర్డు మార్చవలసి రావచ్చు. ఆ విడిభాగం నగరం నుంచి రావాలి. మూడోది రంధ్రాల కొరత. మన కార్యాలయాల్లో ప్రింటర్, వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకపు టోకెన్ ఒకేసారి కావాలి. వాటి కోసం అదనపు తీగలూ హబ్బులూ మోయవలసి వస్తే, తగ్గిన బరువు సంచిలోకి తిరిగి వస్తుంది. నాలుగోది ధర. అదే శక్తి గల సాధారణ యంత్రం కంటే దీనికి ఎక్కువ చెల్లించాలి.

1.7 వాడకం నుంచి తయారీ వైపు

2021 డిసెంబరు 23న కమలాపురం శాసనసభ నియోజకవర్గంలోని కొప్పర్తిలో 540 ఎకరాల ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్‌ను ప్రారంభించారు. అక్కడ సీసీ కెమెరాల తయారీ సాగుతోంది. 2023 ఆగస్టు 3న కేంద్రం ల్యాప్‌టాప్‌ల దిగుమతిపై ఆంక్షలు ప్రకటించి, తరవాత వాటిని అనుమతి నమోదు విధానంగా సడలించింది. దేశం ఇంకా దిగుమతుల మీద ఎంత ఆధారపడి ఉందో ఈ సడలింపు తెలియజేస్తుంది. మన వాతావరణానికి తగిన యంత్రం కావాలంటే, దాని రూపకల్పనలోనూ మరమ్మతులోనూ స్థానిక నైపుణ్యానికి చోటుండాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: కవిలెకు, తేలిక ల్యాప్‌టాప్‌కు మధ్య గల ఒక పోలికను, ఒక భేదాన్ని నాలుగు వాక్యాల్లో రాయండి.

1.8 సారాంశం

మన్రో గుడారం కచేరీని కదిలించింది, కాని సమాచారాన్ని కరణం చేతిలోనే ఉంచింది. ల్యాప్‌టాప్ సమాచారాన్ని కూడా కదిలించింది, కాని యంత్రం బాగోగులను దూర నగరాల చేతిలో పెట్టింది. కరణం కవిలెను ఊళ్లో బాగుచేయవచ్చు, చదవడం కష్టం. ల్యాప్‌టాప్ తెరను చదవవచ్చు, ఊళ్లో బాగుచేయడం కష్టం. కాబట్టి మెట్ట ప్రాంతంలో యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు బరువు ఒక్కటే ప్రమాణం కారాదు. అది ఎండకు ఎంత తట్టుకుంటుంది, ఎక్కడ బాగవుతుంది, అందులోని వివరాలను రైతు చూడగలడా అన్న మూడు ప్రశ్నలూ అడగాలి.

1.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. దత్తమండలాల కాలం నుంచి నేటి వరకు కడప ప్రాంతంలో పాలనా సమాచారం కదిలిన తీరును చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ల్యాప్‌టాప్ బరువు తగ్గడానికి తయారీదారులు వేటిని వదులుకున్నారు?
2. కార్డ్ పథకం ప్రాధాన్యాన్ని, పరిమితిని తెలపండి.