మెదడు కణితికి మందు చేర్చే సూక్ష్మ బుడగలు

మందు ఎంత శక్తిమంతమైనదైనా కణితిని చేరకపోతే ప్రయోజనం శూన్యం. మెదడు క్యాన్సర్ చికిత్సలో ప్రధాన అవరోధం ఇదే. మెదడులోని రక్తకేశనాళికల గోడల్లో కణాలు ఒకదానికొకటి బిగుతుగా అతుక్కుని ఉంటాయి. 'రక్త-మెదడు అవరోధం'గా పిలిచే ఈ రక్షణ కవచం విషపదార్థాలతోపాటు చాలా మందులనూ లోపలికి రానివ్వదు.

దీన్ని తాత్కాలికంగా తెరిచేందుకు అల్ట్రాసౌండ్‌ను, వాయువు నింపిన సూక్ష్మ బుడగలను కలిపి ప్రయోగిస్తున్నారు. కొవ్వు లేదా ప్రోటీన్ పొర గల ఈ బుడగల పరిమాణం కొన్ని మైక్రోమీటర్లే. గుండె స్కానింగ్‌లో చిత్రం స్పష్టత కోసం వీటిని ఇప్పటికే వాడుతున్నారు.

సిరలోకి ఎక్కించిన బుడగలు రక్తంతోపాటు శరీరమంతా ప్రయాణిస్తాయి. అల్ట్రాసౌండ్ తరంగాలను కేంద్రీకరించిన చోట మాత్రం అవి వేగంగా వ్యాకోచిస్తూ, సంకోచిస్తూ నాళాల గోడలను కదిలిస్తాయి. కణాల మధ్య బిగువు సడలి, రక్తంలోని మందు అక్కడ మెదడులోకి ప్రవేశిస్తుంది. కొన్ని గంటల్లో ఆ సందులు తిరిగి మూసుకుపోతాయి. బుడగల్లోని వాయువు ఊపిరి ద్వారా బయటకు వెళ్తుంది. మందును బుడగ పొరకే జోడించి, గమ్యస్థానంలో విడుదల చేసే విధానంపైనా పరిశోధనలు సాగుతున్నాయి.

శాస్త్రవేత్త కుల్లెర్వో హైనినెన్ బృందం 2001లో కుందేళ్లపై ఈ పద్ధతిని నిరూపించింది. టొరంటోలోని సన్నీబ్రూక్ ఆస్పత్రి వైద్యులు 2015లో కపాలాన్ని కోయకుండానే మెదడు కణితి ఉన్న రోగిలో ఈ అవరోధాన్ని తెరిచారు.

తరంగాల తీవ్రత నియంత్రణే ఇందులో కీలకం. తక్కువైతే అవరోధం తెరుచుకోదు. మితిమీరితే నాళాలు చిట్లి రక్తస్రావం కావచ్చు. పైగా కపాలపు ఎముక తరంగాలను చెదరగొడుతుంది. దాని మందం అందరిలో ఒకేలా ఉండదు. అందుకే ప్రతి రోగికీ స్కానింగ్ ఆధారంగా విడిగా తీవ్రతను నిర్ణయిస్తారు.