వ్యాసమూ, దాని సాక్ష్యమూ

తాను చూచినదానిని పాఠకునికి చూపవలెనన్న కోరిక పరిశోధన వలెనే పురాతనమైనది. శిలపై చెక్కిన అక్షరపు వంపును, సూక్ష్మదర్శినిలో రెండుగా చీలుతున్న జీవకణాన్ని మాటలతో వర్ణించవచ్చును. ఐతే వర్ణనను సాక్ష్యంగా అంగీకరించే పండితులు అరుదు. అందుచేత ప్రతి యుగమూ వ్యాసానికి సాక్ష్యాన్ని జతచేసే పద్ధతి ఒకటి కల్పించుకొన్నది. నేటి వైజ్ఞానిక పత్రికలు చలనచిత్రాలను, దత్తాంశాల పట్టికలను వ్యాసంతో ముడివేసే పద్ధతి కూడ ఆ పరంపరలోనిదే.

భారతదేశంలో ఈ పరంపరకు శాసన పరిశోధన మంచి నిదర్శనం. జాన్ ఫెయిత్‌ఫుల్ ఫ్లీట్ గుప్తరాజుల శాసనాలను 1888లో సంపుటంగా ప్రకటించినారు. అందులో శాసనాలకు వరుస సంఖ్యలున్నవి. మూలపాఠం, అనువాదం, వివరణ ఉన్నవి. ప్రతిబింబాన్ని చూపే ఫలకాలు ఉన్నవి. మొదటిది సముద్రగుప్తుని అలహాబాదు స్తంభశాసనం. ఆ రాజు మరణించిన తరువాత దానిని చెక్కించినారని ఫ్లీట్ భావించినారు. జార్జ్ బ్యూలర్ ఆ భావాన్ని ఖండించినారు. ఈ వాదంలో ఎవరి పక్షం నిలిచినదన్నది ఇక్కడ ప్రధానం కాదు. వాదించదలచినవాడు అలహాబాదు కోటకు పోనక్కరలేకుండ, మూలపాఠాన్నీ ప్రతిబింబాన్నీ తన బల్లమీదనే ఎదురెదురుగా పెట్టుకొనగలిగినాడన్నదే ప్రధానం.

ఆ సౌకర్యానికి కారణం ఫలకం ఒక్కటే కాదు. ఫలకానికీ పాఠానికీ నడుమనున్న సంఖ్య. ఫలకాలను వేరు కాగితంపై వేరుగా ముద్రించి, తరువాత గ్రంథంలో చేర్చి కుట్టేవారు. కుట్టువాడు పొరబడినా, ఎవరైనా ఫలకాన్ని చింపుకొని పోయినా, పాఠంలోని సంఖ్య దిక్కులేనిదయ్యేది. ఐనా ఏ ఫలకం పోయినదో ఆ సంఖ్యయే చెప్పేది.

కంప్యూటరు వచ్చిన తరువాత పుట అనే ఆధారం సడలిపోయినది. ఏ పంక్తి శీర్షికయో, ఏది రచయిత పేరో, ఏది పటం క్రింది వ్యాఖ్యయో మనిషి కంటికి తెలిసినంత సులభంగా యంత్రానికి తెలియదు. కనుక ప్రతి భాగానికి ముందు వెనుకల ఒక పేరును గుర్తుగా ఉంచవలసి వచ్చినది. ఆ గుర్తుకే ట్యాగ్ అని వాడుక. ఇటువంటి గుర్తుల భాషలకు మూలసూత్రాలను నిర్ణయించిన ఎస్‌జీఎంఎల్ 1986లో అంతర్జాతీయ ప్రమాణమైనది; దానినుండి సరళీకరించిన ఎక్స్ఎంఎల్ 1998లో వెలువడినది.

అమెరికాలోని జాతీయ వైద్య గ్రంథాలయం 2000లో పబ్‌మెడ్ సెంట్రల్ అనే వ్యాసభాండారాన్ని ప్రారంభించినది. పలువురు ప్రకాశకుల పత్రికలను ఒకేచోట భద్రపరచవలెనన్నచో అందరికీ సమ్మతమైన గుర్తుల సముదాయం ఉండవలెను. 2003లో ఆ గ్రంథాలయం అట్టి సముదాయాన్ని వెలువరించినది. కొన్ని సంస్కరణల తరువాత, 2012లో, అది జర్నల్ ఆర్టికల్ ట్యాగ్ సూట్ అనే పేరుతో అమెరికా జాతీయ ప్రమాణమైనది. వాడుకలో దానిని జాట్స్ అంటారు.

జాట్స్‌లో చలనచిత్రం వ్యాసపాఠంలో ఇమిడి ఉండదు. అది వేరొక ఫైలు. పాఠంలో ఉండేది దాని చిరునామా. మీడియా అనే గుర్తు ఆ చిరునామాను వహిస్తుంది. ఫైలు దృశ్యమా, శ్రవ్యమా అనే జాతిని, ఏ రూపంలో ఉన్నదనే ఉపజాతిని రెండు లక్షణాలు తెలుపుతవి. దానికొక శీర్షిక, వ్యాఖ్య, చూడలేనివారి కొరకు మాటలలో వర్ణన చేర్చవచ్చును. వ్యాసంలో ‘రెండవ చలనచిత్రం చూడుడు’ అన్నచోట నుండి ఆ గుర్తుకు ముడి ఉంటుంది. ఫ్లీట్ సంపుటంలో ఫలకసంఖ్య చేసిన పని ఇదే.

సప్లిమెంటరీ మెటీరియల్ అనే మరియొక గుర్తు కూడ కలదు. వ్యాసాన్ని బలపరచే పట్టికలు, దత్తాంశాలు, చలనచిత్రాలు దానిక్రింద చేరుతవి. ఇక్కడనే అసలు చిక్కు. ఒక చలనచిత్రం వ్యాసానికి అంగమా, అనుబంధమా? అంగమైనచో పరీక్షకులు దానిని వ్యాసంతో సమానంగా పరిశీలించవలెను, గ్రంథాలయాలు దానిని వ్యాసంతోపాటు కాపాడవలెను. అనుబంధమన్నచో ఈ రెండు బాధ్యతలూ సడలే ప్రమాదమున్నది.

ఇది ఊహాప్రశ్న కాదు. అనుబంధాలు పెరిగి పరీక్షకులకు మోయలేని భారమగుచున్నవని, 2010లో జర్నల్ ఆఫ్ న్యూరోసైన్స్ అనే పత్రిక వాటిని స్వీకరించుట మానివేయుచున్నట్లు ప్రకటించినది. 2013లో అమెరికా జాతీయ సమాచార ప్రమాణాల సంస్థ వెలువరించిన సిఫారసులు వేరొక మార్గం చూపినవి. వ్యాసాన్ని అర్థం చేసికొనుటకు అవసరమైనది ఒక తరగతి; తెలివిడిని మరికొంత పెంచేది రెండవ తరగతి. మొదటిదానిని ఎక్కడ ఉంచినను వ్యాసంతో సమానంగానే చూడవలెనని వాటి సారాంశం.

రూపాన్ని తెలిపే లక్షణం విలువ కూడ ఆలస్యంగానే బోధపడినది. ఒకప్పుడు కదలే బొమ్మలను ఫ్లాష్ రూపంలో విరివిగా తయారు చేసినారు. 2020 డిసెంబరు 31తో దాని ప్లేయరుకు తయారీదారుల ఆదరణ ముగిసినది. ఫైలు చెక్కుచెదరకున్నను, దానిని తెరచే సాధనం సామాన్య పాఠకుని యంత్రం నుండి తొలగిపోయినది. ఏ ఫైలు ఏ రూపంలో ఉన్నదో స్పష్టంగా వ్రాసి పెట్టినచోట, మార్చవలసినవాటిని ఏరి కొత్త రూపంలోకి తేవచ్చును. వ్రాయనిచోట అన్నిటిని ఒక్కొక్కటిగా తెరచి చూడవలసినదే.

విదేశీ వైజ్ఞానిక పత్రికలకు ఈ గుర్తులు పెట్టే పనిలో కొంత చెన్నై, పుదుచ్చేరి నగరాలలో జరుగుతున్నది. అక్కడ పనిచేసేవారి పేర్లు వ్యాసాలలో ఉండవు. ఫలకాలను కుట్టినవారి పేర్లు ఫ్లీట్ సంపుటంలో లేనట్లే. చలనచిత్రానికి ఏ గుర్తు పెట్టవలెనో ప్రకాశకుని నియమం చెప్పుతుంది. కాని వ్యాఖ్యను దాని ఫైలుతో సరిగా జతపరచినది, రెండవ చలనచిత్రపు ముడిని మూడవదానికి పోనీయక ఆపినది వారి చేయి, వారి కన్ను. ఏబది సంవత్సరాల తరువాత ఒక పండితుడు ఆ వ్యాసాన్ని ఖండింపబూనినప్పుడు, సాక్ష్యాన్ని తన ఎదుట పెట్టుకొని వాదించగలుగుటకు ఆ శ్రద్ధయే ఆధారం.