బడిని లోపలినుంచి చూసేదెవరు?

ఏజెన్సీ ఉన్నత పాఠశాలల్లో పనిచేసే ఆదివాసీ ఉపాధ్యాయులం మేము. తనిఖీ అనగానే ముందుగా రిజిస్టర్లు సర్దుకుంటాం. ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు. 1854 నాటి వుడ్స్ నివేదిక తర్వాత బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లో విద్యాశాఖలు, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. మద్రాసు రాజధానిలో ఎన్నో ఏళ్లు ఇన్‌స్పెక్టరు పెట్టిన పరీక్షల ఫలితాలను బట్టి బడులకు గ్రాంటు ఇచ్చారు. పిల్లలు ఏం నేర్చుకున్నారన్నదాని కన్నా వచ్చిన అధికారి ఏం రాసి వెళ్లాడన్నదే ముఖ్యమైపోయింది.

నిజాం రాజ్యంలో మరో ప్రయత్నం జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక గోండుల పరిస్థితిని అధ్యయనం చేయడానికి ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. గోండు యువకులే పంతుళ్లయ్యారు. అవి చిన్న బడులే. అయినా పిల్లవాడికి పాఠం ఎక్కడ అందలేదో అతని భాష తెలిసిన పంతులుకు వెంటనే తెలిసేది.

1964–66 నాటి కొఠారి కమిషన్ పరిపాలన వేరు, విద్యా పర్యవేక్షణ వేరుగా ఉండాలని చెప్పింది. ఉన్నత పాఠశాల చుట్టుపక్కల బడులకు అండగా ఉండేలా స్కూలు కాంప్లెక్సులను సూచించింది. బడిలోనే పర్యవేక్షణ అంటే ప్రధానోపాధ్యాయుడు తరగతిలో వెనక కూర్చుని పాఠం వినాలి, పాఠ్యపథకం చూడాలి, తర్వాత ఉపాధ్యాయుడితో కూర్చుని మాట్లాడాలి. రాతకోతలకన్నా ఆ మాటలే ముఖ్యం.

ఆశ్రమ పాఠశాలల్లో దీనికి తీరిక ఎక్కడిది? చాలాచోట్ల ప్రధానోపాధ్యాయుడే వార్డెన్. బియ్యం, కూరగాయలు, జ్వరమొచ్చిన పిల్లలు, రాత్రి హాజరు అన్నీ ఆయనవే. పోస్టు ఖాళీగా ఉంటే ఇన్‌ఛార్జి తన పాఠాలు చెప్పుకుంటూనే ఇవన్నీ మోయాలి. తెలుగు చెప్పేవారు గణితం పాఠానికి ఏం సలహా ఇస్తారు? ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూసే సీఆర్టీకి పుస్తకంలో రాసిన ప్రతి మాటా భయమే.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు భాష. ఇంట్లో కోయ, కొలామి, కువి, సవర మాట్లాడే పిల్ల ఎనిమిదో తరగతిలో మౌనంగా ఉంటే, పైనుంచి వచ్చినవారు ‘వెనుకబడింది’ అని రాసి వెళతారు. ఆమె ఏ మాట దగ్గర ఆగిపోయిందో వారికి తెలియదు. 2000 నాటి 3వ నంబరు జీవో షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దీన్ని ఉద్యోగాల సంగతిగానే చూడకూడదు. బడి లోపల పిల్లల మాట అర్థమయ్యే ఉపాధ్యాయులు తగ్గిపోయే ప్రమాదమిది.

ఉత్తర్వుల కోసం ఆగకుండా మేము చేయగలిగినది ఒకటుంది. వారానికి ఒక పీరియడ్ తోటి ఉపాధ్యాయుడి తరగతిలో కూర్చుందాం. ఏ పిల్ల మాట్లాడలేదు, ఏ మాట అర్థం కాలేదు, రేపు ఏం మార్చాలి అని మాట్లాడుకుందాం. అది ఫైలుకెక్కకూడదు. పిల్లల భాష రాని ఉపాధ్యాయుడికి ఆ భాష వచ్చిన తోటివారు తోడుండాలి. డీఎడ్, బీఎడ్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు మీ భాషను వదలకుండా రండి. బడికి ఆ చెవి కావాలి.