తీగ లేని కరెంటు: టెస్లా గోపురం నుంచి వికారాబాద్ పట్టాల దాకా



పోయిన ఆదివారం సంఘం మీటింగు అయ్యాక, పాలిటెక్నిక్ చదివే మన కుర్రవాడొకడు ఫోను నా ముందు పెట్టి "తాతా, ఇది నిజమా?" అని అడిగాడు. టెస్లా అనే ఆయన నూరేళ్ల కిందటే తీగ లేకుండా లోకానికంతా ఉచితంగా కరెంటు ఇచ్చాడట. డబ్బున్నవాళ్లు ఆయన గోపురాన్ని కూలగొట్టి ఆ రహస్యాన్ని పాతిపెట్టారట. ఆ వీడియో మన గ్రూపులోనూ రెండు మూడుసార్లు వచ్చింది. అంతటితో ఆగలేదు. "తీగ లేని కరెంటు కంపెనీ పెడుతున్నాం, వాటా తీసుకోండి" అని మనవాళ్లలో ఒకాయన ఇంటికే ఎవరో వచ్చి అడిగి వెళ్లారట. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. నాది తమిళ మీడియం చదువు. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నవి. తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి.

మొదట ఒక మాట. తీగ లేకుండా కరెంటు దాటడం అబద్ధం కాదు. మన వీధి మొదట్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను చూడండి. దాని లోపల రాగి తీగ చుట్టలు రెండు ఉంటాయి. పెద్ద లైను ఒక చుట్టలోకి వస్తుంది, మన ఇళ్ల లైను రెండో చుట్టనుంచి బయలుదేరుతుంది. ఆ రెండు చుట్టలూ ఒకదాన్నొకటి తాకవు. ఒకదానిలో కరెంటు అటూ ఇటూ ఊగితే అయస్కాంత బలం ఊగుతుంది, ఆ ఊపుకు రెండోదానిలో కరెంటు పుడుతుంది. 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే ఇనుప వలయానికి రెండు తీగలు చుట్టి దీన్ని కనిపెట్టాడు. తెలుగు పుస్తకాల్లో దీన్ని విద్యుదయస్కాంత ప్రేరణ అంటారు. నేను బడిలో చదివిన మాట "మిన్‌కాందత్ తూండల్". తూండడం అంటే తమిళంలో దీపం వత్తిని ఎగదోయడం కూడా. ఒక దీపం వత్తి ఎగదోస్తే పక్క దీపం కూడా వెలిగినట్టు! మా సైన్సు మాస్టారు అలా చెప్పబట్టే యాభై ఏళ్లయినా మరిచిపోలేదు.

అయితే ఆ చుట్టలు పక్కపక్కనే ఉన్నాయి. ఎడం పెరిగితే ఏమవుతుందన్నదే ఈ కథంతా.

1895లో కలకత్తా టౌన్ హాలులో జగదీశ్ చంద్ర బోస్ అందరి ముందూ ఒక ప్రయోగం చేశారు. ఆయన పంపిన అలలు గోడలు దాటి వెళ్లి అవతల గదిలో గంట మోగించాయి, తుపాకి మందు పేల్చాయి. చూసినవాళ్లకు కరెంటే గోడ దాటినట్టు అనిపించి ఉంటుంది. నిజానికి దాటింది సైగ మాత్రమే. గంట మోగించిన బలం అవతల గదిలో పెట్టిన బ్యాటరీది. స్టేషను మాస్టరు పచ్చజెండా ఊపితే బండి కదులుతుంది. బండిని లాగేది జెండా కాదు కదా! సైగ వేరు, సత్తువ వేరు. ఈ తేడా గుర్తుంచుకుంటే అలాంటి వీడియోలకు సగం మంది మోసపోరు.

ఇక టెస్లా. ఆయన మహా మేధావి. ఈనాడు మన మిల్లుల్లో తిరిగే ఏసీ మోటార్లకు ఆయన ఆలోచనే మూలం. 1899లో కొలరాడో స్ప్రింగ్స్‌లో పెద్ద పెద్ద నిప్పురవ్వలతో ప్రయోగాలు చేశాడు. 1901లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో వార్డెన్‌క్లిఫ్ అనేచోట పని మొదలుపెట్టి 187 అడుగుల గోపురం లేపాడు. దానికి జె.పి. మోర్గాన్ అనే షావుకారు 1,50,000 డాలర్లు ఇచ్చాడు. ఆ డబ్బు ఇచ్చింది సముద్రం దాటి వార్తలు పంపడానికి. అదే ఏడు డిసెంబరు 12న మార్కోనీ ఇంకా చవక సామానుతో అట్లాంటిక్ అవతలకు సైగ అందించాడు. టెస్లా తన పథకాన్ని వార్తల నుంచి కరెంటు సరఫరాకు పెంచి ఇంకా డబ్బు అడిగాడు. మోర్గాన్ ఇవ్వనన్నాడు. చివరికి తాను బస చేసిన హోటలుకు టెస్లా బాకీ పడ్డాడు, ఆ బాకీ కింద స్థలం చేయి మారింది. 1917లో గోపురాన్ని పాత ఇనుము కోసం పడగొట్టారు. ఆ గోపురం ఏనాడూ ఒక్క ఊరికి కూడా కరెంటు ఇవ్వలేదు. ఇవ్వనిదాన్ని దాచిపెట్టేది ఏముంది?

డబ్బు చాలకపోవడం ఒక్కటే కారణమా? కాదు, లెక్కే ఒప్పుకోదు. అన్నివైపులా వెళ్లే అల దూరం వెళ్లేకొద్దీ పలచబడుతుంది. దూరం రెట్టింపయితే బలం నాలుగో వంతు. 1 మీటరు దగ్గర ఉన్న బలం 10 మీటర్ల దగ్గర నూరో వంతు, కిలోమీటరు దగ్గర పది లక్షల్లో ఒక వంతు. మిగతాదంతా చెట్టుకూ పుట్టకూ ఆకాశానికీ పోతుంది. తీగ అలా కాదు. పొలానికి కాలువలాగా అది కరెంటును పోవలసిన చోటికే తీసుకుపోతుంది. పైకారాలో 1932లో, మేట్టూరులో 1937లో, పాపనాశంలో 1944లో నీటితో కరెంటు తీయడం మొదలైంది. నీళ్లు కొండల్లో ఉన్నాయి, మిల్లులు మైదానంలో ఉన్నాయి. ఆ రెంటినీ కలిపింది స్తంభమూ తీగా. మిల్లుల మీద బతికిన ఊరు మనది, తీగ విలువ మనకు వేరే చెప్పాలా?

అల మోసుకొచ్చే ఆ పిసరంత బలంతోనే గడిచిపోయే పనులు కూడా ఉన్నాయి. చిన్నప్పుడు సెలవులకు తిరుచ్చి పొన్మలై రైల్వే క్వార్టర్స్‌లో ఉండే మా మామ ఇంటికి వెళ్లేవాళ్లం. ఆయన దగ్గర క్రిస్టల్ రేడియో ఉండేది. బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు. ఒక రాగి చుట్ట, గెలీనా అనే సీసపు ఖనిజం ముక్క, చెవికి పెట్టుకునే ఫోను, అంతే. ఏరియల్ కోసం పైకప్పు నుంచి వేపచెట్టు దాకా తీగ కట్టి ఉండేది. తిరుచ్చి ఆకాశవాణి పాట వినబడేది. "దీనికి కరెంటు ఎక్కణ్నుంచి మామా?" అని అడిగితే "ఆ పాటే తన కరెంటు తాను తెచ్చుకుంటుంది రా" అనేవాడు. ఒక వాట్‌లో లక్షో వంతు కన్నా తక్కువయినా చెవికి చాలు. ఆ గెలీనాతో అలలను పట్టే పరికరానికి 1901లో అమెరికాలో పేటెంటు అడిగింది మన బోసే. 1904లో వచ్చింది. కలకత్తా గంటకు బ్యాటరీ కావలసి వచ్చింది, ఈ రేడియోకు అదీ అక్కర్లేకపోయింది.

పెద్ద బలాన్ని పంపే ప్రయత్నం కూడా ఆగలేదు. 1964లో విలియం బ్రౌన్ అనే అమెరికా ఇంజనీరు చిన్న హెలికాప్టర్ బొమ్మను మైక్రోవేవ్ కిరణంతో ఎగరేశాడు. 1975లో కాలిఫోర్నియా గోల్డ్‌స్టోన్‌లో ఒక మైలు దూరానికి 30 కిలోవాట్లకు పైగా అందించారు. దానికి 26 మీటర్ల వెడల్పు డిష్ కావలసి వచ్చింది. సాధ్యమే, కానీ ఆ ఖర్చుకు ఎన్ని స్తంభాలు పాతవచ్చో లెక్క వేసుకోండి.

ఇప్పుడు నా పాత శాఖ కథ. మామ రేడియోకు మనవడు లాంటిది తెలంగాణలో, రైలు పట్టాల మధ్య ఉంది. లింగంపల్లి, వికారాబాద్, వాడి, బీదర్ వైపు 250 కిలోమీటర్ల మేర దక్షిణ మధ్య రైల్వే "కవచ్"ను పరీక్షించింది. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బండ్ల మీద తొలి ప్రయోగాలు జరిగాయి. 2020 జూలైలో దాన్ని దేశమంతటికీ ఎన్నుకున్నారు. మొదట్లో సామాను చేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ సంస్థలే. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య ఒకే లైను మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపారు. ఒకదానిలో రైల్వే మంత్రి ఉన్నారు. రెండో ఇంజను ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే కవచ్ తనంతట తానే బండిని నిలిపేసింది.

అందులో నన్ను ఆశ్చర్యపరిచింది స్లీపరు మీద బిగించిన చిన్న ట్యాగు. లైనులో సుమారు కిలోమీటరుకొకటి, స్టేషన్లలోనూ ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు, కరెంటు తీగ లేదు. ఇంజను అడుగున ఉన్న రీడరు రేడియో అల పంపుతుంది. ఆ అలలోని బలంతోనే ట్యాగు నిద్ర లేచి తన నంబరు చెబుతుంది. గంటకు 160 కిలోమీటర్ల బండి సెకనుకు 44 మీటర్లు పోతుంది, ఆ కనురెప్పపాటులోనే ఇదంతా అయిపోవాలి. నంబరు వింటే తానెక్కడున్నదీ ఇంజనుకు తెలుస్తుంది. ముందు సిగ్నలు ఎర్రగా ఉందని స్టేషను రేడియో చెబుతుంది. డ్రైవరు బ్రేకు వేయకపోతే కవచ్ వేస్తుంది. మన కార్ల అద్దానికి అంటించుకునే ఫాస్టాగ్ కూడా ఈ జాతిదే.

నేను ఇంజను నడపలేదు, సిగ్నలు లాగలేదు. గుమాస్తాను. ఒక ప్రమాదం తరువాత రాత్రంతా కూర్చుని జాబితా టైపు చేశాను, కార్బన్ పెట్టి నాలుగు కాపీలు. పేరు, వయసు, ఊరు. కొన్ని వరుసల్లో పేరు దగ్గర "తెలియదు" అని కొట్టాను. తెల్లవారి ఒక పెద్దాయన కౌంటరు దగ్గరకొచ్చి ఆ కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్క వరుసే చదివాడు. ఆయన వేలు ఎక్కడ ఆగిందో నాకు ఇప్పటికీ గుర్తే. ఆ చిన్న ట్యాగు ఒక్క జాబితానయినా ఆపితే, అందులోని ఆ పిసరు కరెంటు నాకు టెస్లా గోపురం కన్నా పెద్దది.

అందుకే ఆ కుర్రవాడికి నా జవాబు ఇది. తీగ లేని కరెంటు నిజమే నాయనా. దగ్గరలో, కొంచెంగా అయితే అది రోజూ మన మధ్యే పని చేస్తోంది. దూరాన, ఊరంతటికీ, ఊరికే ఇస్తామని ఎవరైనా అంటే, ఎన్ని వాట్లు, ఎంత దూరం, ఎంత డిష్ అని మూడు ప్రశ్నలు అడుగు. వాటా అడిగినాయన మళ్లీ వస్తే ఇవే అడగండి. జవాబు చెప్పేదాకా చెక్కుబుక్కు బీరువాలోనే ఉండనివ్వండి.