అది అమీబా కాదు!

గ్వాటెమాలా, 1969. కొండపల్లెలో ఓ తల్లి ఒళ్లో మూడేళ్ల పిల్లవాడు. ఒళ్లు కాలిపోతోంది. పొద్దుటి నుంచీ విరేచనాలే. మలం పేరుకే, పడేదంతా నెత్తురు, చీము, జిగట. కడుపు మెలిపెడుతుంటే ముక్కుతున్నాడు, ఏమీ రావడం లేదు. ఆ రోజుల్లో అక్కడ ఇలాంటి ఇళ్లెన్నో.

ఆస్పత్రుల్లో మలపరీక్ష చేశారు. స్లైడు మీద పెద్ద పెద్ద కణాలు. ‘అమీబా’ అనే పరాన్నజీవి అని రాసిచ్చారు. ఆ ప్రాంతంలో అమీబా పాతకాపే గనుక ఎవరికీ అనుమానం రాలేదు. అమీబా మందులిచ్చారు. జబ్బు లొంగలేదు. పిల్లలు రాలిపోతూనే ఉన్నారు.

కానీ అమీబా ఇలా ఊరి మీద పడదు. అది నెమ్మదిగా ముదురుతుంది. జ్వరం లేకపోవచ్చు, ఉన్నా తక్కువే. ఇక్కడేమో ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, ఇంటిల్లిపాదికీ విరేచనాలు!

శాస్త్రవేత్త లియొనార్డో మాటా బృందం, అమెరికా నుంచి వచ్చిన నిపుణులు మలాన్ని కల్చర్ చేశారు, అంటే అందులోని క్రిములను ప్రయోగశాలలో పెంచి చూశారు. పెరిగింది బ్యాక్టీరియా: షిగెల్లా డిసెంటెరియే టైప్ 1. 1897లో జపాన్‌ను వణికించిన మహమ్మారిలో కియోషి షిగా పట్టుకున్న క్రిమే ఇది. మరి స్లైడు మీద కనిపించినవి? క్రిములతో పోరాడటానికి పేగుల్లోకి చేరిన తెల్ల రక్తకణాలు! వాటినే అమీబాలనుకున్నారు.

ఆ క్రిమి క్లోరాంఫెనికాల్‌కూ, టెట్రాసైక్లిన్‌కూ, సల్ఫా మందులకూ లొంగలేదు. ఆంపిసిలిన్ పనిచేసింది. అప్పటికే వేలమంది చనిపోయారు.

నిజమైన అమీబా కదులుతుంది, అది మింగిన ఎర్ర రక్తకణాలు దాని లోపల కనిపిస్తాయి. అది తెలియాలంటే మలాన్ని వేడి చల్లారకముందే, అరగంటలోపు చూడాలి. షిగెల్లా అయితే స్లైడంతా చీము కణాలే. ఖాయం చేసేది కల్చరే.

అందుకే పిల్లల రక్త విరేచనాలను ముందుగా షిగెల్లాగానే భావించి వైద్యం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎర్ర రక్తకణాలు మింగిన అమీబా కనిపిస్తేనో, సరైన యాంటీబయాటిక్‌లు రెండు వాడినా తగ్గకపోతేనో అమీబా మందు ఇవ్వాలి.

మన ఇళ్లలోనూ మలంలో నెత్తురు కనబడగానే మందుల షాపులో అమీబా మందైన మెట్రోనిడజోల్ కొని మింగించే అలవాటుంది. షిగెల్లాపై ఆ బిళ్ల పనిచేయదు. పిల్లలకు ఓఆర్‌ఎస్ పట్టిస్తూ, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.